ఇద్దరు తోడల్లుళ్ళు, ఎకరన్నర ప్రపంచం

ఇరవై రెండేళ్ళుగా ప్రపంచ రాజకీయాలను నేనే నడిపిస్తున్నాను. హైదరాబాదులో ఒక డిగ్రీ కాలేజీలో, మధ్యాహ్నం భోజనాల తర్వాతి పీరియడ్‌లో, సగంమంది కునుకు తీస్తుండగా అమెరికాను, రష్యాను, చైనాను బోర్డు మీద గుండ్రాలుగా గీసి, మధ్య బాణాలు వేసి, గంట కొట్టేలోపల యుద్ధం రాకుండా ఆపుతాను. ఇంతవరకూ మూడో ప్రపంచ యుద్ధం రాలేదంటే అందులో నా వంతు ఎంతో కొంత ఉందని నా నమ్మకం. మా ఆవిడ ఒప్పుకోదు. గ్యాస్ సిలిండర్ బుక్ చేయడం మరిచిపోయేవాడు అణ్వాయుధాలను ఏం అదుపు చేస్తాడని ఆమె అనుమానం.

పోటీ పరీక్షల పిల్లల కోసం అంతర్జాతీయ సంబంధాల సిద్ధాంతాల మీద తెలుగులో ఒక పుస్తకం రాస్తున్నాను. ప్రచురించే ఆయన రాతప్రతి తిరగేసి, "అన్నీ పరాయి దేశాల ఉదాహరణలే సార్, మన ఊళ్ళవి పెట్టండి" అన్నాడు. ముఖ్యంగా బఫర్ రాజ్యం అధ్యాయానికి. ఇద్దరు బలవంతుల నడుమ ఇరుక్కున్న చిన్న రాజ్యాన్ని అలా అంటాం. పెద్దవాళ్ళు ఒకరినొకరు తోసుకోకుండా మధ్యలో పెట్టుకునే దిండన్నమాట. కృష్ణకూ తుంగభద్రకూ మధ్య ఉన్న నడిగడ్డ నేల కోసం వెనకటి రాజులు తరతరాలు కొట్టుకున్నారు కదా, అది చూసొద్దామనిపించింది. అదే సమయానికి వనపర్తిలో ఒక కాలేజీవాళ్ళు అగ్రరాజ్యాల పోటీ మీద మాట్లాడమని పిలిచారు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్, చివర్లో సోమశిల దగ్గర పడవ షికారు. మూడు రోజుల పథకం. బస్సుల టైములు, లాడ్జి వివరాలు నన్నడగకండి. బస్సులు వచ్చాయి, లాడ్జిలో బకెట్ ఉంది, అంతే.

గద్వాల: పొద్దుటి దౌత్యం

గద్వాలలో పొద్దున్నే ఉగ్గాని తింటారు. బొరుగులను నీళ్ళలో తడిపి పిండి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి తాలింపులో వేసి, పుట్నాల పొడి చల్లి, పక్కన రెండు మిరపకాయ బజ్జీలు పెడతారు. ప్లేటు నలభై రూపాయలు. నేను తెనాలి పక్కన పుట్టినవాణ్ణి. పొద్దున ఇడ్లీ కనబడకపోతే దేశ భద్రత ప్రమాదంలో పడినట్టనిపిస్తుంది. అయినా రెండు ప్లేట్లు లాగించాను. బజ్జీ మొదటి ముక్కకే కళ్ళ వెంట నీళ్ళు కారాయి. హోటలాయన నా మొహం చూసి, "మెల్లగ తిను సారూ, యాడికి పోతది" అన్నాడు.

పక్క బల్ల దగ్గర ఒకాయన్ని ఆయన "ఊట ఆయ్తా?" అని కన్నడంలో పలకరించాడు. భోజనమైందా అని. ఎనిమిదింటికి భోజనమేమిటని అడిగితే, అది పలకరింపే గానీ ప్రశ్న కాదన్నాడు. పెద్ద దేశాల విదేశాంగ మంత్రులు కలిసినప్పుడు ఒకరినొకరు అడిగేవి కూడా ఇలాంటివే, కాకపోతే వాటికి ఫొటోలు తీస్తారు.

ఇంకొకటి గమనించాను. ఇక్కడ ఎంత పెద్దవాణ్ణయినా "నువ్వు" అనే అంటారు. మా వైపు అలా అంటే రెండు తరాలు మాటలుండవు. కానీ ఇక్కడివాళ్ళు నువ్వంటూనే తమ ప్లేటులోని బజ్జీ తీసి మీ ప్లేటులో వేస్తారు. మా వైపు మీరు, తమరు అంటూనే పొలంగట్టు రెండడుగులు జరుపుతారు.

మా ఆవిడ చెప్పింది కదా అని చీరల కొట్టుకు వెళ్ళాను. గద్వాల చీరకు ఒళ్ళంతా నూలు, అంచులూ కొంగూ పట్టు. రెండూ దేనికది వేరుగా ఉంటూనే ఒక్క చీరగా బతుకుతాయి. శాంతియుత సహజీవనం మీద నా రాతప్రతిలో పదకొండు పేజీలున్నాయి, ఈ ముక్క లేదు. నోట్‌బుక్ తీసి రాసుకుంటుంటే కొట్టతను ధర చెప్పాడు. ఆ తర్వాత నేను చేసినదానికి మా శాస్త్రంలో వ్యూహాత్మక ఉపసంహరణ అని పేరు. చెప్పులు విడిచిన చోటిదాకా ఉపసంహరించుకున్నాను.

ధరూర్ ఆటో

నది పక్క ఊళ్ళు చూద్దామని ధరూర్ వైపు షేర్ ఆటో ఎక్కాను. ఆరుగురు పట్టే ఆటోలో పదకొండుమందిమి. నా పక్కన యాభై ఏళ్ళావిడ, ఒళ్ళో గోనెసంచీ. ఆవిడ కుడిచేతి బొటనవేలి గోరు మాత్రం మిగతా వాటికంటే పొడుగ్గా, పసుపుపచ్చగా, గట్టిగా ఉంది. పేరు దేవమ్మ అని తర్వాత తెలిసింది. అంతకంటే ముందు ఆవిడే నన్ను విచారణ చేసింది.

"ఏం పని సారూ నీది?"

"దేశాలు ఒకదానితో ఒకటి ఎందుకు కొట్లాడుకుంటాయో చెప్తుంటానమ్మా."

"కొట్లాట పెట్టనీకా, ఆపనీకా?"

"రెండూ కాదు. ఊరికే చెప్పడానికి."

"గదానికి జీతమిస్తరా?"

ఇస్తారన్నాను. ఆటోలో అందరూ నా వైపు తిరిగి చూశారు. డ్రైవరు కూడా చూశాడు, అది కొంచెం భయమేసింది.

"అయితే నాకొక కొట్లాటుంది. జర మా చేను జూసి చెప్పు సారూ, దిగు" అంది దేవమ్మ. ఇరవై రెండేళ్ళలో నన్ను సలహా అడిగిన మొదటి మనిషి. దిగకుండా ఎలా ఉంటాను?

దేవమ్మ చేను

ఈ వైపు చాలా చేలల్లో పత్తిని విత్తనం కోసమే పండిస్తారు. కొన్ని సాళ్ళు ఆడ చెట్లు, కొన్ని సాళ్ళు మగ చెట్లు. ఆడ చెట్టు మీద రేపు విచ్చుకోబోయే మొగ్గను సాయంత్రం పట్టుకుని, రేకులనూ లోపలి పుప్పొడి కాడలనూ బొటనవేలి గోటితో ఒలిచేసి, ఎర్ర కాగితం తొడుగుతారు. మర్నాడు పొద్దున మగ పువ్వు తెచ్చి దానికి రుద్దుతారు. ప్రతి మొగ్గకూ ఇంతే, నెలల తరబడి. క్రాసింగ్ అంటారు దీన్ని. యంత్రంతో అయ్యే పని కాదు, ఆడవాళ్ళ గోళ్ళతోనే అవుతుంది.

దేవమ్మ ఆ గోళ్ళకు మేస్త్రి. ముప్పై మంది ఆమె మాట మీద నడుస్తారు. సగం మంది ఈ ఊరివాళ్ళే, సగం మంది నాగర్‌కర్నూల్ పక్కన ఆమె చెల్లెలి ఊరినుంచి వచ్చి పూత అయిపోయేదాకా ఇక్కడే రేకుల షెడ్లలో ఉంటారు. విత్తకముందే రైతులు మేస్త్రి దగ్గరికొచ్చి మాట తీసుకోవడం ఇక్కడి ఆనవాయితీ. మాట దొరికాకే విత్తనం నేలలో పడుతుంది. ఇరవయ్యేళ్ళుగా దేవమ్మ పరాయి చేలల్లో ఒలుస్తోంది. ఆమెకు సొంతంగా ఎకరన్నర ఉంది, దాంట్లో ఎప్పుడూ కందో జొన్నో. ఈసారి తనూ విత్తనపత్తి పెడతానంది.

"ఒక్క యేడన్న నా గోరు నా చేన్ల ఆడాలె సారూ" అంది.

అడ్డమేమిటంటే ఆ చేనున్న చోటు. తూర్పున తిమ్మప్ప, పడమర వెంకట్రాములు, చెరి పన్నెండెకరాలు. ఇద్దరూ తోడల్లుళ్ళు, అక్కచెల్లెళ్ళ మొగుళ్ళు. నాలుగేళ్ళుగా మాటల్లేవు. మామగారు ఒకాయనకు ముందు కాళ్ళు కడిగించి రెండోవాడికి తర్వాత కడిగించారట, అక్కడ మొదలైంది. ఎవరికెవరు భయపడుతున్నారో తెలియకుండానే ఇద్దరూ బలం పెంచుకున్నారు. ఒకాయన ట్రాక్టర్ కొంటే రెండో ఆయన ఇంకా పెద్ద ట్రాక్టర్ కొన్నాడు. వాళ్ళ పొలాలకు అంత హార్స్‌పవర్‌తో పనే లేదు. మా పుస్తకాల్లో ఇలాంటి దాన్ని ఆయుధ పోటీ అంటారు, కొంచెం పెద్ద బొమ్మలతో.

తిమ్మప్పది ఒక కంపెనీ రకం, వెంకట్రాములుది ఇంకో కంపెనీ రకం. ఒకదాని పుప్పొడి ఇంకోదానికి తగిలితే విత్తనం కల్తీ అవుతుంది, కంపెనీ పరీక్షలో తేలి సరుకంతా వెనక్కి వస్తుంది. అందుకని రెండు రకాల మధ్య కొంత దూరం ఉండి తీరాలి. ఆ దూరం ఇన్నాళ్ళూ దేవమ్మ చేనే.

"తిమ్మప్ప తన ఇత్తనమే పెట్టుమంటడు. వెంకట్రాములు తనదే పెట్టుమంటడు. బోరు నీళ్ళు వెంకట్రాములువి. బాట తిమ్మప్పది. ఈయనది పెడితే ఆయన నీళ్ళు బంద్ జేస్తడు. ఆయనది పెడితే ఈయన బాట బంద్ జేస్తడు. నేను గాలిల ఎగిరి పోవాల్నా?"

గట్టు మీద నిలబడ్డ నా ఆనందం ఏమని చెప్పను! ఇరవై రెండేళ్ళుగా సుద్దముక్కతో గీసిన బొమ్మ ముళ్ళకంపతో సహా కళ్ళ ముందుంది. గబగబా ఫొటోలు తీశాను. ఆవిడ సలహా కోసం నిలబడింది, నేను అధ్యాయానికి ముఖచిత్రం వెతుక్కుంటున్నాను.

"వాళ్ళ ఆడోళ్ళకు పంచాయితి లేదు సారూ. అక్కచెల్లెండ్లు గద, రోజు పది గంటలకు ఫోన్ల మాట్లాడుకుంటరు" అని కూడా చెప్పింది. విన్నాను. అమెరికాకూ రష్యాకూ మధ్య హాట్‌లైన్ ఉన్నా దాన్ని ఎవరెప్పుడు ఎత్తుతారన్నదే అసలు సంగతి అని నేనే ఏటా క్లాసులో చెప్తాను. ఆ పూట నాకది తలకెక్కలేదు.

ఆవిడ జొన్నరొట్టె, గోంగూర పప్పు, పల్లికారం పెట్టింది. గోంగూర బాగుందన్నాను. "గోంగూర కాదు, పుంటికూర" అంది. రెండూ ఒకటే కదా అనబోయి ఊరుకున్నాను, ఇంతకంటే చిన్న విషయాలకు సైన్యాలు కదిలాయి. రెండో రొట్టె మీద నా విదేశాంగ విధానం ప్రకటించాను.

"అలీనంగా ఉండండి దేవమ్మా. యాభైల్లో, అరవైల్లో మన దేశం ఏం చేసింది? ఒక వైపునుంచి గోధుమలు తెప్పించుకుంది, ఇంకో వైపుతో ఉక్కు కర్మాగారం కట్టించుకుంది. మీరు తిమ్మప్ప దగ్గరికెళ్ళి వెంకట్రాములు బాగా అడుగుతున్నాడనండి. వెంకట్రాములు దగ్గరికెళ్ళి తిమ్మప్ప ఇంకా బాగా అడుగుతున్నాడనండి. ఇద్దరూ మీ వెనక పడతారు."

"ఇద్దరికి అబద్దం చెప్పుమంటున్నవా?"

"అబద్ధం కాదు, దౌత్యం."

"రెంటికి ఫరకేంది?"

"దౌత్యం చెప్పేటప్పుడు కోటు వేసుకుంటారు."

నవ్వింది, కానీ నా మాట నమ్మింది. చదువుకున్నవాడు, పైగా జీతం తీసుకునేవాడు చెప్తున్నాడని నమ్మింది. సాయంత్రం నేను గద్వాల లాడ్జిలో ఉండగా ఫోన్ చేసి, వెంకట్రాములు రోజుకో గంట నీళ్ళు ఎక్కువిస్తానన్నాడనీ, తిమ్మప్ప బాటలో గుంతలు పూడ్పిస్తానన్నాడనీ చెప్పింది. నేను అద్దంలో నా మొహం కాసేపు గౌరవంగా చూసుకున్నాను.

వనపర్తి: శాలువా

గద్వాల, వనపర్తి రెండూ ఒకప్పుడు నిజాం కింద సంస్థానాలు. పెద్దవాడి నీడలో ఉంటూ పెద్దవాడికి కోపం రాకుండా, అలాగని పూర్తిగా మింగబడకుండా బతకడం వాటికి తెలిసిన విద్య. ఆ విద్య మీద మా సిలబస్‌లో అధ్యాయం లేదు. మింగినవాళ్ళ మీద ఆరున్నాయి.

కాలేజీ హాలు నిండింది. హాజరు పడుతుందని ముందే చెప్పారట. నేను రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన దగ్గర ఎత్తుకున్నాను. రెండు శిబిరాలు, రెండు వైపులా బాంబులు, ఒకరికొకరు భయపడి కొట్టుకోకపోవడం, దాన్నే శాంతి అనుకోవడం. తొంభైలలో ఒక్కడే మిగలడం, ఇక చరిత్రలో కొట్లాటలు లేవని మా పండితులు పండగ చేసుకోవడం, ఇప్పుడు మళ్ళీ అమెరికా, చైనా ఎదురెదురుగా కూర్చోవడం. వాస్తవికవాదులు అందరూ స్వార్థపరులే అంటారు, ఉదారవాదులు వ్యాపారం చేసుకుంటే కొట్లాడుకోరంటారు, ఇద్దరూ ఒకరి పుస్తకాన్ని ఒకరు చదవరు. మధ్యలో పేరు చెప్పకుండా దేవమ్మ కథ చెప్పాను. చిన్న రాజ్యం తెలివిగా ఇద్దరు పెద్దల దగ్గరా లాభం పొందిన తీరు. చప్పట్లు కొట్టారు.

మూడో వరసలో ఒక అమ్మాయి లేచింది.

"సార్, ప్రచ్ఛన్న యుద్ధమంటే యుద్ధం లేకుండెనన్నరు గద. మరి కొరియాల, వియత్నాంల గంతమంది ఎట్ల సచ్చిండ్రు?"

మంచి ప్రశ్న అన్నాను. జవాబు తెలియనప్పుడు మేం అనే మాట అది. అసలు ఆ పెద్దవాళ్ళిద్దరి మధ్య యుద్ధం లేదనే మేం చెప్పేది. మిగతావాళ్ళు ఎక్కడ చచ్చిపోయారో అక్కడికి మా అధ్యాయం వెళ్ళదు. ఇలా చెప్పేలోపల ఇంకో అబ్బాయి లేచి, "సార్, ఇది గ్రూప్స్‌ల వస్తదా?" అని అడిగి నన్ను కాపాడాడు. దానికి మాత్రం పావుగంట జవాబు చెప్పాను.

తర్వాత శాలువా కప్పారు. మే నెల ఎండలో, ఫ్యాను లేని వేదిక మీద, ఉన్ని కలిసిన శాలువా. ఫొటో తీస్తుండగా ఫోన్ మోగింది. దేవమ్మ.

"సారూ, వాళ్ళిద్దరు ఒక్కటైండ్రు."

పది గంటలకు అక్కచెల్లెళ్ళు ఫోన్‌లో మాట్లాడుకున్నారట. "దేవమ్మ మా ఆయనతోని గిట్లన్నది" అని ఒకరంటే, "మా ఆయనతోని గట్ల అన్నది గద" అని ఇంకొకరన్నారు. పదకొండింటికల్లా, నాలుగేళ్ళుగా ఒకరి గాలి ఒకరు పీల్చని తోడల్లుళ్ళు ధరూర్‌లో ఒక హోటల్ బెంచీ మీద పక్కపక్కన కూర్చుని టీ తాగారు. ఊరంతా చూసింది, పెద్దమనుషులు సంతోషించారు. టీ అయ్యేలోపల ఒప్పందం కుదిరింది. దేవమ్మ చేలో ఇద్దరి విత్తనమూ వద్దు. కంది పెట్టుకోవాలి, నడుమ దూరం అలాగే ఉంటుంది. పత్తి గింజ పడిందా, నీళ్ళూ బంద్, బాటా బంద్.

"నిన్నటి దాంక ఎటుపోయినా ఒక్కటే బందైతుండె సారూ. నీ మాట ఇన్నంక రెండూ బందైనయ్."

శాలువా అంచుతో చెమట తుడుచుకున్నాను.

"వాళ్ళకు పంచాయితున్నన్ని దినాలు నాకు జర సందుండె. ఇప్పుడు సందు లేకపాయె" అంది. అరిచినా బాగుండేది. మామూలుగా చెప్పింది.

ఇలాంటి బెంచీ మీది టీని మా పుస్తకాల్లో ఉద్రిక్తతల సడలింపు అంటారు. ఇద్దరు నేతలు చేతులు కలుపుతున్న ఫొటో ఉంటుంది. దానివల్ల కలిగిన లాభాలను ఐదు మార్కులకు రాయమని నేనే ఎన్నిసార్లు అడిగానో. ఆ చేతుల కింద ఎవరి చేను ఉందని ఒక్కసారీ అడగలేదు. నాకు సిగ్గేసింది. వేదిక దిగి ఆ శాలువాను మడిచి సంచిలో కుక్కాను, సంచి మూత పడలేదు.

దేవమ్మ ఇంకా ఫోన్‌లోనే ఉంది. రేపు నాగర్‌కర్నూల్ దగ్గర చెల్లెలి ఊరికి పోతున్నానంది. నేనూ అటే వస్తున్నానన్నాను.

"రా. నోరు మాత్రం తెరువకు సారూ."

నాగర్‌కర్నూల్: చర్చి అరుగు మీద

అందువల్ల సోమశిల వెళ్ళలేదు. కృష్ణలో పడవ షికారు, నది ఒడ్డు గుడులు, సూర్యాస్తమయం కోసం ఇంతదాకా ఓపికగా చదివినవాళ్ళు నన్ను క్షమించాలి. నేను ఆ పొద్దంతా నాగర్‌కర్నూల్ బస్టాండులో ఇరవై రూపాయల చెరకురసాలు మూడు తాగుతూ దేవమ్మ బస్సు కోసం కూర్చున్నాను. మూడో గ్లాసు మీద పడి చొక్కాకు చీమలు పట్టాయి.

దిగగానే ఆమె నన్ను చూసి ఆశ్చర్యపోలేదు, తిట్టనూ లేదు. గోనెసంచి నా చేతిలో పెట్టి ముందు నడిచింది. ఆటోలో ఆ ఊరికి వెళ్ళాం. చెల్లెలు సరోజ గడపలోనే, "గీయనేనా అక్కా?" అని అడిగింది. నా కీర్తి నాకంటే ముందు చేరింది.

ఆ ఊళ్ళో నీడ దొరికేది చర్చి అరుగు మీదే. పదిహేనుమంది ఆడవాళ్ళొచ్చారు. దేవమ్మ జరిగిందంతా చెప్పి, తన ఊరి ఆడవాళ్ళు సరేనన్నారనీ చెప్పి, చివర్లో అడగవలసింది అడిగింది. తిమ్మప్పకూ వెంకట్రాములుకూ ఈ ఏడు క్రాసింగ్‌కు ఎవరూ మాట ఇవ్వొద్దు.

"నడుమ జాగ కావాల్నంటే వాళ్ళ చేన్లల్ల ఇడువమను. పన్నెండెకరాలోళ్ళు సాలు ఇడువరంట, ఎకరన్నరది ఇడువాల్నంట. నా చేను నడుమ జాగ గాదు. నా చేను."

సరోజే అడిగింది. "నీ ఎకరన్నర కోసం మా అందరి పనులు ఎందుకు పోగొట్టుకోవాలె అక్కా? మాకు చేన్లు లేవు గద."

అదే అసలు ప్రశ్న. మా శాస్త్రంలో దీని మీద గుట్టలకొద్దీ రాశారు. అందరి మేలు కోసం ఒక్కొక్కరు ఎందుకు నష్టపోవాలి, కూటమిలో చిన్నవాళ్ళు పెద్దవాళ్ళ భుజాల మీద ఎలా స్వారీ చేస్తారు, అన్నీ తెలుసు నాకు. నోరు తెరవబోయాను. దేవమ్మ నా వైపు చూసింది. మూసుకున్నాను. ఆమె గోరు గిల్లుకుంటూ కూర్చుంది. ఆ ఒక్క నిమిషం నాకు భయమేసింది, ఎందుకంటే ఇక్కడ కూడా కాదంటే ఆమెకు వెళ్ళడానికి ఇంకో ఊరు లేదు.

మూల కూర్చున్న బాలమ్మ అనే పెద్దావిడ గొంతు సవరించుకుంది.

"ఇరవై ఏండ్లాయె. యే చేనుకు పోవాల్నో, యే షెడ్డుల పండాల్నో, ఎన్ని గంటలకు లేవాల్నో వాళ్ళే చెప్పిండ్రు. ఒక్క యేడు మనం చెప్తే ఏమైతది? పని లేకపోతదా? అయిజ దిక్కోళ్ళు పిలుస్తనే ఉన్నరు."

"అయిజల షెడ్లు బాగుండయ్" అంది ఒకామె.

"ధరూర్ల బాగున్నయా?" అంది బాలమ్మ. అందరూ నవ్వారు. తర్వాత ఆమె దేవమ్మ వైపు తిరిగింది. "ఒక్క షరతు. నీ చేన్ల చేసినా గదే కూలి ఇయ్యాలె. మనోళ్ళే గద, మేస్త్రిని గద అని తగ్గించొద్దు."

"ఒక్క పైస తగ్గియ్య."

"సరోజా, నువ్వేమంటవ్?"

సరోజ అక్క వైపు తిరిగింది. "నా బిడ్డకు గూడ రేపు ఇంత భూమైతే, అప్పుడు గిట్లనే అందరు రావాలె" అంది. అంతటితో ఒడంబడిక అయిపోయింది. సంతకాల్లేవు, జెండాల్లేవు.

లేచేముందు బాలమ్మ నా కుడిచెయ్యి లాక్కుని బొటనవేలు తిప్పి చూసింది. "ఈ గోరు దేనికి పనికొస్తది సారూ?" అంది. సుద్దముక్క పట్టుకోవడానికన్నాను. ఆమెకు నా మీద నిజంగా జాలి కలిగింది. నేను తిరిగి బయల్దేరేటప్పటికి సంచిలోంచి వేలాడుతున్న శాలువాను సరోజ అడిగి తీసుకుని, చుట్టగా చుట్టి నెత్తిన పెట్టుకుని దాని మీద నీళ్ళ బిందె ఎత్తుకుంది. నాకు చేసిన సన్మానాల్లో ఏదైనా ఎవరికైనా పనికిరావడం ఇదే మొదలు.

కల్వకుర్తి: పల్లీలు

తిరుగు బస్సు కల్వకుర్తిలో పదినిమిషాలు ఆగింది. ఇరవై రూపాయల ఉడకబెట్టిన పల్లీలు కొనుక్కుని, నా అధ్యాయం తీసి చదివాను. బఫర్ రాజ్యాల వల్ల శాంతి నిలుస్తుందని ఎంతో చక్కగా రాశాను. భాష కూడా బాగుంది. పక్క సీటులోని రైతు తొంగిచూసి, "ఏం రాసినవు సారూ?" అన్నాడు. చిన్నవాళ్ళు నడుమ ఉంటే పెద్దవాళ్ళు కొట్లాడుకోరని రాశానన్నాను. "మరి చిన్నోళ్ళు?" అన్నాడు. పల్లీలు పెట్టాను.

హైదరాబాదు దాకా నాకొకటే బెంగ. వాళ్ళిద్దరూ కూలీలను ఇంకెక్కడినుంచో తెచ్చుకుంటే? బాలమ్మావాళ్ళ పని పోయి, దేవమ్మ చేను బీడు పడితే? సలహా ఇచ్చినవాడికి జరిగే నష్టం ఏమీ లేదు. ఇచ్చి బస్సెక్కేస్తాడు. వియత్నాం సంగతి చూసిన పండితులు కూడా అలాగే ఎక్కి ఉంటారు.

ఇంటికి వచ్చాక

పన్నెండు రోజులు ఫోన్ రాలేదు. నేను చేయడానికి ధైర్యం చాలలేదు. పాలమూరు వైపు తొలకరి పడిందని పేపర్లో చూసిన మర్నాడు ఆమే చేసింది.

ముందు తిమ్మప్ప ఒక్కడే ఇంటికొచ్చాడట, వాడి చేనుకు పోకు, నాకొక్కడికే రా అన్నాడట. ఆ సాయంత్రమే వెంకట్రాములు ఒక్కడే వచ్చి అదే అన్నాడు. నడుమ దూరం మీ చేలల్లోనే వదలండి, అప్పటిదాకా ఎవరికీ మాట లేదని ఇద్దరికీ ఒకే జవాబు చెప్పింది. వేరే ఊళ్ళ మేస్త్రులను అడిగారు, అందరూ అప్పటికే వేరే రైతులకు మాట ఇచ్చేశారు. వాన పడింది, విత్తడానికి అదును దాటిపోతోంది. ఇంతలో పది గంటల ఫోన్‌లో అక్కచెల్లెళ్ళు మాట్లాడుకున్నారు. "కూలోళ్ళు రాకపోతే ఆ పన్నెండెకరాల మొగ్గ ఎవరు ఒలుస్తరు, నువ్వా, నేనా?" అని. ఆ పూటే ఇద్దరిళ్ళలోనూ మొగుళ్ళకు ఆ ప్రశ్న అందింది.

ఒక్కడు వెనక్కి తగ్గితే రెండోవాడి ముందు పరువు పోతుంది. అందుకని దేవమ్మ ఇద్దరి విత్తనమూ తీసుకోలేదు. గద్వాలలో ఇంకో కంపెనీ విత్తనం తెచ్చుకుంది. అప్పుడు ఇద్దరూ సమానంగా తగ్గొచ్చు, ఎవరూ ఓడిపోలేదు. ఆమె చేను వైపు చెరి ఇరవై సాళ్ళు పత్తి పెట్టకుండా వదిలేశారు.

"ఆ ఇరవై సాళ్ళల్ల ఏం పెట్టారు?" అని అడిగాను.

"కంది" అంది. ఫోన్‌లో కూడా ఆ నవ్వు కనిపించింది. "నన్ను పెట్టుమన్నరు గద, వాళ్ళే పెట్టుకున్నరు. బాటుంది, నీళ్ళున్నయి. నిన్న ఇత్తినం సారూ."

నా కళ్ళు తడిశాయి. ఈసారి బజ్జీ లేదు. క్షమించమన్నాను, నా సలహా వల్ల ఎంత ఇబ్బంది పడ్డారో అన్నాను.

"ఇబ్బందేంది? నువ్వు వాళ్ళిద్దరిని ఒక్కటి జేస్తివి గద. ఇద్దరికి ఒక్క జవాబే చెప్పనీకి ఆసాన్ అయింది."

పుస్తకం ప్రచురించే ఆయనకు ఈ కథంతా చెప్పాను. చాలా బాగుంది సార్ అన్నాడు. ఇది ఏ సిద్ధాంతం కిందికి వస్తుందో చెప్తే నాలుగు ఆప్షన్లతో బిట్ తయారు చేయిస్తానన్నాడు. నాలుగు రాసి చూశాను, నాలుగూ తప్పే. బఫర్ రాజ్యం అధ్యాయం తీసేశాను. దాని బదులు ఏం రాయాలో ఇంకా తెలియలేదు. అగ్రరాజ్యాల బలాన్ని కొలవడానికి నా దగ్గర సైన్యాల పట్టికలున్నాయి, క్షిపణుల పట్టికలున్నాయి, ఒలిచే చేతుల పట్టిక లేదు.

ఆ రోజు ఫోన్ పెట్టేముందు దేవమ్మ ఇంకో మాట అంది. "పూత టయానికి రా సారూ. ఒక సాలు నీకిడుస్త. ఇప్పటిసంది గోరు పెంచు, అప్పటికి గట్టిపడతది."

పెంచుతున్నాను. మా ఆవిడ రోజూ గోళ్ళకత్తెర తెచ్చి ముందు పెడుతోంది. ఈ వ్యాసం టైపు చేస్తుంటే ఆ గోరు ఒక అక్షరానికి బదులు ఇంకో అక్షరం కొడుతోంది, మళ్ళీ మళ్ళీ దిద్దుకోవలసి వస్తోంది. దిద్దుకుంటున్నాను గానీ కత్తిరించలేదు.